ఒక్కరే నడిపే కొట్టులో సౌండ్ బాక్స్: నెల అద్దెకు తగ్గ పని చేస్తుందా?

పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా టిఫిన్ బండి దగ్గర మనిషి చేతులు ఎక్కడుంటాయో గమనించండి. ఒకటి పెనం మీద, ఇంకోటి చట్నీ గిన్నెలో. అట్టు తిప్పాలి, పార్సిల్ కట్టాలి, ప్లేట్లు అందించాలి. ఆ సందట్లో "అన్నా, కొట్టేశా" అంటూ ఒకాయన ఫోన్ తిప్పి చూపిస్తాడు. డబ్బులు పడ్డాయో లేదో చూడాలంటే చెయ్యి తుడుచుకోవాలి, జేబులోంచి ఫోన్ తీయాలి, లాక్ తీయాలి, యాప్ తెరుచుకునేదాకా ఆగాలి. పదిహేను సెకన్లు. రెండు గంటల్లో ఎనభై మంది వస్తే అవే ఇరవై నిమిషాలు. అట్టు మాడేది ఆ ఇరవై నిమిషాల్లోనే. చూడకుండా తలూపి పంపించేస్తే రాత్రికి లెక్క తేలదు, నిద్రా పట్టదు.

యూపీఐ చెల్లింపు జరగగానే ఎంత వచ్చిందో బిగ్గరగా చెప్పే అద్దె డబ్బా సౌండ్ బాక్స్. దాన్ని కొట్టులో పెట్టించేది ఈ ఇరవై నిమిషాలే. పేటీఎం, ఫోన్‌పే, భారత్‌పే, గూగుల్ పే అన్నీ ఇస్తున్నాయి. కొన్ని బ్యాంకులు తమ ఖాతాదారులకు నేరుగా ఇస్తున్నాయి. ఫోన్‌పే డబ్బాలో మహేష్ బాబు గొంతు కూడా పెట్టుకోవచ్చు. గొంతు ఎవరిదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే కాబట్టి కంపెనీల మధ్య పోటీ పెట్టడం లేదు. చేతికింద ఇంకో మనిషి లేని కొట్టులో ఈ డబ్బా ఏ బరువు దించుతుంది, ఏ బరువు కొత్తగా నెత్తిన పెడుతుంది అన్నదే ఇక్కడ ప్రశ్న.

డబ్బా విప్పితే కనిపించేవి ఒక సిమ్, ఒక స్పీకర్, ఒక లిథియం బ్యాటరీ, అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు. డబ్బు దీనిగుండా పోదు. ఎదుటివాళ్లు మీ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టగానే పని బ్యాంకుల మధ్య జరిగిపోతుంది. జరిగిందన్న కబురు కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీదుగా డబ్బాకు చేరుతుంది. ఊళ్లో దండోరా వేసేవాడి పని ఇది. దండోరా వినపడలేదంటే కబురే లేదని కాదు, డప్పు కొట్టేవాడు దారిలో ఎక్కడో ఆగిపోయాడని. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే కౌంటర్ దగ్గర సగం గొడవలు మొదలే కావు.

ప్రకటనల్లో చెప్పే లాభం "వెంటనే వినబడుతుంది" అన్నది. ఒక్కరే కొట్టు నడిపేవాళ్లకు అంతకన్నా పెద్ద లాభం వేరే ఉంది: డబ్బాకు మీ ఫోన్‌తో పని లేదు. దాని సిమ్ దానిదే. మీ ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా, ఇంట్లో మర్చిపోయినా, దాంట్లో మీరు సరుకుల వాడితో మాట్లాడుతున్నా అది మోగుతుంది. అంటే మీరు కుర్చీలోంచి లేవచ్చు. మధ్యాహ్నం అన్నానికి వెళ్లినప్పుడు, బ్యాంకుకు వెళ్లినప్పుడు, ఒక్క పది నిమిషాలు కాలకృత్యాలకు వెళ్లినప్పుడు అమ్మనో, పక్క కొట్టు పిన్నినో కూర్చోబెట్టొచ్చు. వాళ్లకు ఫోన్ ఇవ్వక్కర్లేదు, పిన్ చెప్పక్కర్లేదు, యాప్ నేర్పక్కర్లేదు. "మోగితే సరుకు ఇవ్వు, మోగకపోతే ఆగమను" అని చెబితే చాలు. ఒంటరి వ్యాపారంలో మనిషిని నలిపేసేది పని ఒక్కటే కాదు, లేవలేకపోవడం కూడా. నీళ్లు తక్కువ తాగి, మూత్రం ఆపుకుని సాయంత్రం దాకా కూర్చునేవాళ్లు బజారులో ఎంతమందో. నెలకు నూరు, నూట పాతిక అద్దె పెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు. వేగం సంగతి ఆ తర్వాత.

ఇక చెవి సంగతి. తెలుగు గొంతు పెట్టుకున్నవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది డబ్బాతో వచ్చే కాగితంలో ఉండదు. రోడ్డు మీద లారీ పోతున్నప్పుడు "ఇరవై రూపాయలు", "అరవై రూపాయలు" విని చూడండి. తొలి అక్షరం వినబడలేదంటే రెండూ ఒకటే. యాభై, ఎనభై కూడా అంతే. మీ కొట్టులో ఎక్కువగా అమ్ముడయ్యే ధరలు ఈ జంటల్లో ఉంటే డబ్బా భాషను ఇంగ్లిష్‌కి మార్చడం మేలు. ట్వంటీ, సిక్స్టీ కలిసిపోవు. కానీ అక్కడ సిక్స్టీన్, సిక్స్టీ కలుస్తాయి కాబట్టి మీ ధరల పట్టిక చూసుకుని ఎంచుకోండి. భాష మార్చేది డబ్బా మీద కాదు, కంపెనీ వ్యాపారుల యాప్‌లో. ఇంకాస్త ఎక్కువ అద్దె పెట్టగలిగితే అంకెలు కనబడే చిన్న తెర ఉన్న మోడల్ తీసుకోండి. చెవికి సందేహం వస్తే కన్ను తీర్చేస్తుంది. చివరి మొత్తాన్ని మళ్లీ పలికించే బటన్ ఉందో లేదో కూడా అడగండి. చాలామంది ఆ బటన్ సంగతి నెలల తర్వాత గానీ తెలుసుకోరు.

ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ "డబ్బా పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. ఇనుప అల్మరా లోపల, స్టీల్ రాక్ మూలన, గ్రానైట్ బల్ల కింద సిగ్నల్ చచ్చిపోతుంది. షట్టర్ వైపు, చెక్క పలక మీద, మీ చెవి ఎత్తులో పెట్టండి. స్పీకర్ ముఖం మీ వైపు ఉండాలి. చాలామంది వచ్చినవాళ్ల వైపు తిప్పుతారు, అప్పుడు వినాల్సినవాళ్లకు తప్ప వీధి మొత్తానికి వినబడుతుంది. టిఫిన్ బండి మీదైతే పొయ్యికి కనీసం రెండు మూర్ల దూరం. వేడికి లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది, డబ్బా వెనక మూత కొద్దిగా లేచి కనిపిస్తే ఛార్జింగ్ ఆపి మార్పించండి. నూనె ఆవిరికి, పిండి దుమ్ముకి స్పీకర్ రంధ్రాలు పూడుకుపోతాయి. పొడి టూత్‌బ్రష్‌తో వారానికోసారి దులిపితే సరిపోతుంది, తడిగుడ్డ వద్దు. పాలిథీన్ కవర్లో పూర్తిగా చుట్టేస్తే గొంతు ముద్దగా వస్తుంది. వాన జల్లు తప్పించడానికి పైన మాత్రం కప్పండి. రాత్రి కొట్టు కట్టేటప్పుడు ఛార్జింగ్‌కి పెట్టడం అలవాటు చేసుకోవాలి. నాలుగైదు రోజులు వస్తుందిలే అని వదిలేస్తే అది ఆగిపోయేది ఆదివారం రద్దీలోనే.

ఇంకో తప్పు: గోడ మీద మూడు కంపెనీల స్టిక్కర్లు. ఎవరైనా ఏ యాప్‌తోనైనా ఏ క్యూఆర్ అయినా స్కాన్ చేయొచ్చు కాబట్టి ఒక్కటి ఉంటే చాలు. డబ్బా తన క్యూఆర్‌కి వచ్చిన డబ్బు గురించే మాట్లాడుతుంది. పక్క స్టిక్కర్ మీద పడ్డదాని గురించి నోరు విప్పదు. "పంపానమ్మా, చూడండి" అని ఆయన, "మోగలేదు బాబూ" అని మీరు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. మిగతా స్టిక్కర్లు పీకేయండి.

అన్నీ సరిగా ఉన్నా డబ్బా మోగని సందర్భాలు వస్తాయి. అప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకుని ఉండాలి. రద్దీలో నిర్ణయాలు తీసుకోవడమే ఒంటరి మనిషిని ఎక్కువ అలసటకు గురిచేస్తుంది. వరస ఇలా పెట్టుకోండి. ముందు పది సెకన్లు ఆగండి, ఆలస్యంగా మోగడం మామూలే. మోగకపోతే డబ్బు పంపినవాళ్ల ఫోన్ తెర మీద పైన కనిపించే పేరు మీ కొట్టుదేనా అని చూడండి, ఆకుపచ్చ టిక్కును కాదు. పేరు మీదే అయితే మీ యాప్‌లో లావాదేవీల జాబితా తెరిచి, వాళ్ల తెర మీది 12 అంకెల యూటీఆర్ నంబర్‌లో (ఒక్కో చెల్లింపుకు ఒక్కో గుర్తింపు సంఖ్య అది) చివరి నాలుగు అంకెలు కలపండి. కలిస్తే డబ్బు వచ్చింది, నోరు తెరవనిది డబ్బానే. కలవకపోతే, వాళ్ల తెర మీద "పెండింగ్" అని ఉంటే, ఆ నాలుగు అంకెలూ మొత్తమూ నోట్‌బుక్‌లో రాసుకుని తెలిసిన మనిషైతే పంపేయండి, తెలియని మనిషైతే నగదు అడగండి. వాళ్ల ఖాతాలో తగ్గి మీకు చేరని సొమ్మును అయిదు రోజుల్లోగా వెనక్కి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే నియమం పెట్టింది. ఈ మాట శాంతంగా చెబితే కోపంగా ఉన్నవాళ్లు కూడా తగ్గుతారు.

ఒకే ధర పలికే కొట్టుల్లో ఇంకో చిక్కు. ముగ్గురు నలభై రూపాయలకు తిన్నారు, డబ్బా రెండుసార్లు మోగింది. ఎవరిది రాలేదు? డబ్బా పేరు చెప్పదు. అందుకని రద్దీ వేళల్లో క్రమం తిప్పేయడం ఒక్కటే మార్గం: ముందు డబ్బు, మోగాక టోకెన్, టోకెన్‌కి ప్లేటు. ప్లాస్టిక్ టోకెన్లు యాభై ఉంటే చాలు. తిన్నాక డబ్బులు అడగడం మర్యాద అనుకునే ఊళ్లలో మొదటి వారం కాస్త సణుగుతారు. తర్వాత అలవాటుపడతారు.

మోసాల గురించి చెప్పకుండా ఈ డబ్బాను అంచనా వేయలేం. ఎందుకంటే దొంగ స్క్రీన్‌షాట్ చూపించేవాళ్లను ఆపడానికే చాలామంది దీన్ని తీసుకుంటారు, ఆ పని బాగానే చేస్తుంది. చెల్లింపు జరిగినట్టు తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి, డబ్బా ముందు అవి పారవు. అయితే డబ్బా గొంతును అనుకరించే నకిలీలు కూడా వచ్చాయి కాబట్టి శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో చెవి పెట్టండి. మీ డబ్బా మీ వెనక ఉంటే, మాట ముందు నుంచి వినబడిందంటే అది మీది కాదు. మిగతావి డబ్బా ఆపలేనివి. రాత్రి మీ క్యూఆర్ మీద ఇంకో స్టిక్కర్ అంటించి పోవడం ఒకటి. రోజూ తెరవగానే మీ ఇంకో ఫోన్‌తో ఒక రూపాయి పంపుకుంటే, అది మోగితే, క్యూఆరూ డబ్బా రెండూ పరీక్షకు నిలిచినట్టే. "పొరపాటున 500కి బదులు 5000 పంపాను, తిరిగి ఇవ్వండి" అనే ఫోన్ ఇంకొకటి. దొంగ ఎస్సెమ్మెస్ పంపి కంగారు పెడతారు. డబ్బా మోగలేదంటే, యాప్‌లో లేదంటే, ఆ అయిదు వేలు లేవు. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: "కంపెనీ నుంచి వచ్చాం, కేవైసీ అప్‌డేట్ చేయాలి, డబ్బా అద్దె తీసేస్తాం" అంటూ వచ్చి మీ ఫోన్ చేతిలోకి తీసుకునేవాళ్లు. పరీక్షకని ఒక రూపాయి పంపమంటారు, మీరు కొట్టే పిన్ చూస్తారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఫోన్ మీ చెయ్యి దాటకూడదు. మోసం జరిగిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

డబ్బా మోగింది కాబట్టి డబ్బు ఖాతాలో ఉందనుకోవడం కొత్తవాళ్ల పొరపాటు. కొన్ని ఏర్పాట్లలో సొమ్ము అప్పటికప్పుడు బ్యాంకులో పడుతుంది. కొన్నింటిలో కంపెనీ దగ్గర పోగై మర్నాడు ఒక్క మొత్తంగా వస్తుంది. కూరగాయల కొట్టువాళ్లకు ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్‌లో ఉండాలి, నిన్నటి అమ్మకం ఇంకా దారిలో ఉంటుంది. డబ్బా పెట్టించుకునే ముందే "ఏ రోజు డబ్బు ఏ రోజు, ఎన్ని గంటలకు పడుతుంది, ఆదివారాలు, బ్యాంకు సెలవుల్లో ఎలా" అని అడిగి తెలుసుకోండి. మర్నాడు పడే రకమైతే ఒక రోజు సరుకు కొనుగోలుకు సరిపడా సొమ్ము ఎప్పుడూ విడిగా తిరుగుతూ ఉండాలి. రోజుకు ఆరు వేల సరుకు తెచ్చేవాళ్లు ఆరు వేలు పక్కన పెట్టకుండా ఈ డబ్బా తీసుకుంటే మొదటి వారంలోనే అప్పుకు వెళ్తారు. ఎవరైనా క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి పెద్ద మొత్తం చెల్లిస్తే కొంత కోత పడొచ్చు. బ్యాంకు ఖాతా నుంచి వచ్చిన యూపీఐ మీద మాత్రం 2020 జనవరి నుంచి వ్యాపారికి రుసుము లేదు.

నగదు పూర్తిగా మానేయడం కూడా తెలివైన పని కాదు. 2025 ఏప్రిల్ 12న, ఒక శనివారం, దేశమంతా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. ఆ రోజు చిల్లర ఉన్న కొట్టే నడిచింది. గల్లా పెట్టెలో పది, ఇరవై నోట్లతో కలిపి అయిదు వందలు ఎప్పుడూ ఉండాలి. చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టే రోజులు పోయాయి, అది మాత్రం యూపీఐ పుణ్యమే.

రాత్రి లెక్క దగ్గర డబ్బా ఎంత సాయపడుతుంది? అనుకున్నంత కాదు. రోజు మొత్తం ఎంత వచ్చిందో యాప్ చెబుతుంది. అది అమ్మకం కాదు, రాబడి. పాత అరువు తీర్చినవాళ్ల డబ్బు కూడా దాంట్లోనే ఉంటుంది, ఇవాళ అరువిచ్చిన సరుకు అందులో ఉండదు. నోట్‌బుక్‌లో పది నిమిషాల పని ఇది. పొద్దున గల్లాలో 500 పెట్టారు. రాత్రికి 4,350 ఉంది. మధ్యలో పాలవాడికి 600 నగదు ఇచ్చారు, ఇంటికి 300 తీశారు. అంటే నగదు రూపంలో వచ్చింది 4,350, 600, 300 కలిపి అందులోంచి 500 తీసేస్తే 4,750. యూపీఐ 6,120, అందులో పాత బాకీ 800, కాబట్టి ఇవాళ్టిది 5,320. ఇవాళ రాసిన అరువు 450. మొత్తం అమ్మకం 10,520. ఈ అంకె వరసగా మూడు వారాలు రాస్తే వారంలో ఏ రోజు బేరం మందగిస్తుందో తెలుస్తుంది. బేరం తక్కువుండే ఆ రోజునే వారపు సెలవు పెట్టుకోవచ్చు. ఒంటరిగా నడిపేవాళ్లు సెలవు పెట్టలేకపోయేది భయం వల్ల, చాలాసార్లు ఆ భయం విలువ ఎంతో లెక్క వేసి ఉండరు. ఇంటికి తీసిన 300 రాయడం మానేసినవాళ్లకే "అమ్మకం బాగుంది, డబ్బు మాత్రం నిలవడం లేదు" అన్న మాట ఎక్కువగా వస్తుంది.

డబ్బాతో పాటు ఇంట్లోకి దూరేది ఇంకోటి ఉంది: అప్పు. మీ రాబడి కంపెనీకి తెలుసు కాబట్టి కొన్నాళ్లకు యాప్‌లో "మీకు 50,000 సిద్ధం" అని కనిపిస్తుంది. సంతకాలు ఉండవు, తిరుగుడు ఉండదు, రోజూ వచ్చే సొమ్ములోంచి కొంత కోసుకుంటారు. ఒక లెక్క చూడండి. 50,000 తీసుకుని రోజుకు 320 చొప్పున 180 రోజులు కడితే మొత్తం 57,600. ఆరు నెలలకు 7,600, అంటే 15 శాతమే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తరుగుతుంటుంది. మీ దగ్గర యాభై వేలూ ఉన్నది మొదటి రోజు మాత్రమే. సరిగా లెక్కిస్తే ఏడాదికి 58 శాతం దగ్గర తేలుతుంది. వానాకాలంలో అమ్మకం సగమైనా 320 ఆగదు. బండి మీద, ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లకు పీఎం స్వనిధి పథకం ఉంది. మొదటిసారి 15,000 అప్పు, సరిగా కడితే తర్వాత 25,000, ఆపైన 50,000. సకాలంలో కట్టినవాళ్లకు 7 శాతం వడ్డీ రాయితీ. కొట్టు ఉన్నవాళ్లకు ముద్రా శిశు రుణం 50,000 దాకా. బ్యాంకుకు నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది, నిజమే. తిరిగే సమయం లేకపోవడమే ఒంటరి వ్యాపారి బలహీనత. రోజువారీ కోత అప్పులు ఆ బలహీనత మీదే బతుకుతున్నాయి.

ఖాతా విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కొట్టు క్యూఆర్‌కు విడి ఖాతా పెట్టండి. ఎవరో సైబర్ మోసంలో కొట్టేసిన సొమ్ములోంచి మీ దగ్గర రెండు వందల సరుకు కొన్నా, పోలీసుల విచారణలో మీ ఖాతా మీద నిలుపుదల పడే అవకాశం ఉంది. పిల్లల ఫీజు, గ్యాస్ సబ్సిడీ, కొట్టు రాబడి అన్నీ ఒకే ఖాతాలో ఉంటే ఆ రోజు ఇల్లు కూడా ఆగిపోతుంది. విడి ఖాతా ఉంటే కొట్టు వరకే ఇబ్బంది. అలాగే "అన్నా, అయిదు వేలు ఫోన్‌పే చేస్తా, క్యాష్ ఇస్తావా" అని ముఖం తెలియనివాళ్లు అడిగితే వద్దనండి. సరుకు అమ్మినదానికి బిల్లు చూపించొచ్చు, నగదు మార్చి ఇచ్చినదానికి చూపించడానికి ఏమీ ఉండదు. చీటీ పాట డబ్బు, బావమరిది పంపిన చేబదులు కూడా కొట్టు క్యూఆర్‌లోకి రానీయకండి.

దీనికి పన్ను వైపు నుంచి కూడా కారణం ఉంది. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ రాబడి ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్‌టీ నోటీసులు వెళ్తే బెంగళూరులో కొందరు క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి "క్యాష్ ఓన్లీ" బోర్డు పెట్టారు. భయపడి డబ్బా తీసేయడం కన్నా హద్దు తెలుసుకోవడం నయం. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు దాటితే, తెలంగాణలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. టిఫిన్ సెంటర్, సెలూన్, టైలరింగ్ లాంటివాటికి రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే. ఏడాదంతా తెరిస్తే రోజుకు 5,480 దాటితే ఇరవై లక్షలు అయిపోతుంది. పైన చూసిన 10,520 అమ్మకం కొట్టు హైదరాబాద్‌లో ఉంటే హద్దు దాటేసినట్టే, గుంటూరులో కిరాణా అయితే దాటదు. పన్ను లేని కూరగాయలు, పాలు మాత్రమే అమ్మేవాళ్లకు ఈ గొడవ లేదు. చీటీ డబ్బు కలిస్తే అమ్మకం కాకపోయినా అమ్మకంలా కనిపిస్తుంది, అది కాదని రుజువు చేసుకునే పని మీ మీదే పడుతుంది. ఇంకో వైపు, ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారుల అంచనా పద్ధతిలో డిజిటల్‌గా వచ్చిన రాబడి మీద కనీస లాభం 6 శాతంగా చూపిస్తే చాలు, నగదు మీదైతే 8.

మరి ఎవరికి అక్కర్లేదు? రోజుకు పది పదిహేను మంది కూడా యూపీఐ చేయని టైలర్‌కు, మిల్లుకు, సైకిల్ రిపేర్ షాపుకు ఇది దండగ. వ్యాపారుల యాప్‌లోనే మాట వినిపించే ఏర్పాటు ఉంటుంది, ఉచితం. పాత ఫోన్ ఒకటి కొట్టులో వదిలేయగలిగితే దాదాపు ఇదే పని చేస్తుంది. నోట్లో పిన్నులు, చేతిలో కత్తెర ఉన్నా రోజుకు పదిసార్లు ఫోన్ చూడటం బరువు కాదు. టిఫిన్ బండి, కర్రీ పాయింట్, మాంసం కొట్టు, పాల బూత్, జ్యూస్ షాపు, కిరాణా, అంటే చెయ్యి తడిగానో జిడ్డుగానో ఉండి, బేరం చిన్నదిగా, గిరాకీ గుంపుగా ఉండే చోట మాత్రం పదికి ఎనిమిది మార్కులు. తగ్గిన రెండూ అద్దె కోత స్పష్టంగా కనిపించకపోవడానికి, సేవ కోసం మనిషి వచ్చేదాకా పట్టే రోజులకు.

పెట్టించుకునేటప్పుడు పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు, కొట్టు ఫోటో అడుగుతారు. అంతకుమించి ఓటీపీ గానీ పిన్ గానీ అడిగితే ఆగండి. అద్దె నెలనెలా ఖాతాలోంచి దానంతటదే పోయే ఆటోపేలోనా, రోజువారీ రాబడిలోంచా అని అడగండి, డబ్బా చెడిపోయిన రోజులకు అద్దె ఏమవుతుందో అడగండి, వెనక్కి ఇచ్చేస్తే డిపాజిట్ ఎన్నాళ్లకు వస్తుందో అడగండి. డబ్బా అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ను ఫోటో తీసి ఉంచుకోండి.

ఇచ్చేసేటప్పుడు డబ్బాను సొరుగులో పడేస్తే అద్దె ఆగదు. యాప్‌లో వాపసు అభ్యర్థన పెట్టి దాని నంబర్ రాసుకోవాలి, డబ్బా తీసుకెళ్లిన మనిషి దగ్గర రసీదు తీసుకోవాలి, ఆ తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ మాండేట్‌ను, అంటే అద్దె కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని, రద్దు చేయాలి. గోడ మీది స్టిక్కర్ కూడా తీసేయాలి. డబ్బా పోయినా ఆ క్యూఆర్ బతికే ఉంటుంది, జనం దాన్నే స్కాన్ చేస్తారు, మోగేది ఏదీ ఉండదు. కొబ్బరినూనె రాసి పావుగంట ఆగితే జిగురుతో సహా ఊడి వస్తుంది.